అలెగ్జాండర్సన్ - గ్రిమెటన్ వైర్‌లెస్ కేంద్రము

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునను, ఇరువదవ శతాబ్దపు తొలి దశకములందును స్వీడన్ దేశమునుండి 10 లక్షలకు మించిన జనులు అమెరికాకు వలసపోయిరి. దేశము చిన్నది, శీతకాలము దీర్ఘము, చాలచోట్ల నేల రాతినేల. పంటలు పండని యేండ్లలో కుటుంబములకు కుటుంబములే తట్టాబుట్టా సర్దుకొని ఓడ లెక్కెడివి. వెళ్లినవారు వెళ్లగా, ఇంట మిగిలిన ముసలివారు ఒక్క యుత్తరముకొఱకు నెలల తరబడి ఎదురుచూచెడివారు. శ్రీకాకుళ విశాఖ ప్రాంతములనుండి రంగూనుకు కూలికి పోయినవారి యిండ్లలో ఒకప్పుడు తల్లులు తపాలా బంట్రోతు కొఱకు ఎట్లు ఎదురుచూచిరో, ఆ మంచుదేశపు తల్లులును అట్లే ఎదురుచూచిరి.

అట్లు సముద్రము దాటిన లక్షలాది జనులలో, 1901వ సంవత్సరమున న్యూయార్కు రేవున దిగిన 23 ఏండ్ల ఇంజనీరు ఒకడుండెను. అతని పేరు ఎర్న్‌స్ట్ ఫ్రెడ్రిక్ వెర్నర్ అలెగ్జాండర్సన్. తక్కినవారివలె అతనిని తరిమినది ఆకలి కాదు, ఒక పుస్తకము.

అలెగ్జాండర్సన్ 1878వ సంవత్సరము జనవరి 25వ తేదీన ఉప్సలా పట్టణమున జన్మించెను. తండ్రి ప్రాచీన భాషాపండితుడు. లుండ్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నలంకరించినవాడు. గ్రీకు లాటిను గ్రంథముల నడుమ పెరిగిన ఈ బాలునకు మాత్రము గ్రంథములకన్న యంత్రములపై మక్కువ మెండు. తండ్రి కుమారుని దారికి అడ్డు రాలేదు. లుండ్‌లో ఒక యేడు చదివి, పిదప స్టాక్‌హోమ్‌లోని రాజకీయ సాంకేతిక విద్యాలయమున ఇంజనీరింగు పూర్తిచేసి, ఇంకను తృప్తి చాలక అతడు బెర్లిన్ నగరమునకు పోయెను. అచట అడాల్ఫ్ స్లాబీ అను ఆచార్యుడు, తంతులు లేకుండ వార్తలు పంపు క్రొత్త విద్యను బోధించుచుండెను. మార్కోనీ తన వైర్‌లెస్ సాధనమును ఇంగ్లండులో ప్రదర్శించి అప్పటికి నాలుగైదేండ్లు మాత్రమే అయినది.

బెర్లిన్‌లో ఉండగానే అలెగ్జాండర్సన్ చేతికి చార్లెస్ స్టైన్‌మెట్జ్ వ్రాసిన విద్యుద్గ్రంథము ఒకటి చిక్కెను. ఏకాంతర విద్యుత్ప్రవాహము, అనగా క్షణక్షణమును దిశ మార్చుకొను విద్యుత్తు, ఎట్లు ప్రవర్తించునో ఆ గ్రంథము గణితరీత్యా నిరూపించినది. ఆ స్టైన్‌మెట్జ్ జర్మనీలో జన్మించి అమెరికాకు వలసపోయినవాడు. గూనివాడు, పొట్టివాడు అగుటచే రేవులో అధికారులు అతనిని దిగనీయక వెనుకకు పంపివేయ జూచిరట! అట్టివాడు కొలది యేండ్లలోనే షెనెక్టడీ నగరమునందలి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి మేధస్తంభమై నిలిచెను. ఆయనయొద్ద పనిచేయవలెనను కోరికయే అలెగ్జాండర్సన్‌ను ఓడ ఎక్కించినది.

కాని కోరిక వెంటనే నెరవేరలేదు. అలెగ్జాండర్సన్ మొదట న్యూజెర్సీలో ఒక కంపెనీయందు యంత్రముల పటములు గీయు చిన్న యుద్యోగమున కుదిరెను. మరుసటి సంవత్సరము, 1902లో, షెనెక్టడీలో ప్రవేశము దొరకెను. అచటను మొదట చేసినది పటములు గీయు పనియే. 1904 నాటికి ఇంజనీర్ల వరుసలోనికి వచ్చెను. ఆ సమయముననే కంపెనీ ముంగిటకు ఒక విచిత్రమైన కోరిక వచ్చి నిలిచినది.

అది రెజినాల్డ్ ఫెస్సెండెన్ అను శాస్త్రజ్ఞుని కోరిక. దాని నర్థము చేసికొనుటకు ఆనాటి వైర్‌లెస్ స్థితిని కొంత తెలిసికొనవలెను. అప్పటి యంత్రములు విద్యుత్తును నిప్పురవ్వలుగా పేల్చి తరంగములు పుట్టించెడివి. వీణతీగను ఒక్కమారు మీటి విడిచినచో నాదము పుట్టి, తగ్గి, అణగిపోవును. రవ్వయంత్రమునుండి వెడలు తరంగములును అట్టివే. ప్రతి రవ్వతోను పుట్టుచు, వెనువెంటనే అణగుచుండెడివి. చుక్కలు గీతలతో కూడిన మోర్స్ సంకేతములను పంపుటకు అది చాలును. మనుష్యుని కంఠస్వరమును పంపవలెనన్న మాత్రము, శ్రుతిపెట్టె నాదమువలె ఎడతెగక ఒకే రీతిని సాగు తరంగము కావలయును. ఆ నిరంతర తరంగమును పుట్టించుటకు, సెకనునకు 1,00,000 ఆవృత్తములు చేయు విద్యుత్తును ఉత్పత్తి చేయు ఆల్టర్నేటరు యంత్రము కావలెనని ఫెస్సెండెన్ కోరెను. నగరములలో దీపములు వెలిగించు విద్యుత్తు సెకనునకు 50, 60 ఆవృత్తములు మాత్రమే చేయును! స్టైన్‌మెట్జ్ అంతవానికే 10,000 ఆవృత్తములు దాటుట శక్యము కాలేదు. పెద్ద ఇంజనీర్లు ఎవరును ముట్టజూడని ఈ పని యువకుడైన అలెగ్జాండర్సన్ పాలబడెను.

ఆల్టర్నేటరు యొక్క తత్త్వము సులభముగనే యుండును. పండ్లుగల ఉక్కుచక్రము అయస్కాంతముల నడుమ తిరుగుచుండగా, ఒక్కొక్క పన్ను దాటినప్పుడెల్ల చుట్టునున్న తీగచుట్టలలో విద్యుత్తు ఒక్కొక్క కెరటముగ లేచును. పండ్ల సంఖ్యను పెంచినను, చక్రవేగమును పెంచినను కెరటముల సంఖ్య పెరుగును. చిక్కంతయు ఇచటనే యున్నది. నిమిషమునకు 20,000 పర్యాయములు తిరుగవలసిన చక్రమును లోహముతో నిర్మించుట ఎట్లు? అంత వేగమున చక్రము తన బరువునకు తానే చీలిపోవును. ఇరుసు అణుమాత్రము వంకర యున్నను యంత్రశాల మొత్తము అదిరిపోవును. అలెగ్జాండర్సన్ చక్రమును అంచువద్ద పలుచగను నడుమ దళసరిగను రూపొందించెను; ఇరుసును సన్నగ, వంగియు విరుగనట్టిదిగ చేసెను. తీగచుట్టల మధ్య ఇనుము నుంచినచో శక్తి యధికమగునని అతని యభిప్రాయము. ఫెస్సెండెన్ మాత్రము కఱ్ఱయే కావలెనని పట్టుబట్టెను. కొనువాని మాటయే చెల్లినది. 1906లో కఱ్ఱతోనే యంత్రము తయారై, మసాచుసెట్సు తీరమునందలి బ్రాంట్ రాక్ కేంద్రమునకు చేరినది. తరువాత కొలదికాలమునకు అలెగ్జాండర్సన్ తన యిష్టప్రకారము ఇనుపరేకులతో యంత్రము చేసి, తన యభిప్రాయమే సరియైనదని నిరూపించెను.

ఆ యంత్రముతో ఫెస్సెండెన్ 1906 డిసెంబరులో మనుష్య స్వరమును తంతి లేకుండ పంపి, ఆహ్వానితులైన నిపుణులకు వినిపించెను. అదే నెలలో క్రిస్మస్ ముందురాత్రి సముద్రముమీది ఓడలకు పాటయు వాద్యమును వినిపించెనని ప్రసిద్ధమైన కథ యొకటి కలదు. ఆ కథకు ఆధారము ఫెస్సెండెన్ చాల యేండ్ల తరువాత వ్రాసిన లేఖయే యగుటచే, చరిత్రకారులలో కొందరు దానిని నమ్మరు.

మొదటి ప్రపంచ మహాయుద్ధము ఈ యంత్రమునకు గౌరవము తెచ్చినది. 1915లో మార్కోనీ స్వయముగా షెనెక్టడీకి వచ్చి యంత్రమును పరిశీలించెను. పిమ్మట న్యూజెర్సీలోని న్యూబ్రన్స్‌విక్ కేంద్రమున 1917లో 50 కిలోవాట్ల యంత్రమును, 1918లో 200 కిలోవాట్ల యంత్రమును నెలకొల్పిరి. అధ్యక్షుడు విల్సన్ శాంతికొఱకు ప్రతిపాదించిన 14 సూత్రములు ఆ కేంద్రమునుండియే ఐరోపాకు వినబడినవి. ఇంతటి సాధనము పరదేశీయుల కంపెనీ చేతికి పోరాదని అమెరికా నౌకాశాఖ తలచెను. ఫలితముగ 1919లో రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అను సంస్థ ఏర్పడినది. దానికి మొదటి ప్రధాన ఇంజనీరు అలెగ్జాండర్సన్.

సముద్రములకు ఆవల నున్నవారికి వార్తలు చేర్చు ఈ మహాశిల్పికి 1923వ సంవత్సరమున సొంత యింటిలోనే ఘోరవిపత్తు వాటిల్లెను. ఏప్రిల్ 30వ తేదీన, ఆరేండ్ల ఆయన కుమారుని దుండగులు ఎత్తుకొనిపోయిరి. కుందేలు పిల్లలనిత్తుమని ఆశచూపి బాలుని ఇంటినుండి మరలించిరట. పోలీసులు నలుదెసల వెదకిరి. రాత్రి గడచెను, మరునాడును గడచెను, బాలుని జాడ లేదు. తంతులు, వార్తాపత్రికలు అన్నియు ఉన్నవి కాని, మారుమూల పల్లెలకు అవి చేరునప్పటికి దొంగలు ఏ సరిహద్దు దాటిపోదురో ఎవరెరుగుదురు? కెనడా దేశము అచటికి ఎంతో దూరము లేదు.

షెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారి రేడియో ప్రసార కేంద్రము వెలసి అప్పటికి ఏడాది దాటినది. జనులు దానిలో సంగీతమును, వార్తలను వినుచుండెడివారు. ఇప్పుడు ఆ కేంద్రము బాలుని వయస్సు, రూపురేఖలు, ధరించిన బట్టలు మున్నగు గుర్తులను మరల మరల ప్రకటించెను. న్యూయార్కు రాష్ట్రపు ఉత్తర భాగమున, థెరీసా అను చిన్న గ్రామమునకు చేరువనున్న నదీతీరపు కుటీరములకు కాపరియైన మనుష్యుడొకడు ఆ ప్రకటన వినెను. ఆ కుటీరములలో ఒకదానియందు క్రొత్తగా వచ్చి దిగినవారియొద్ద ఒక బాలుడుండుట అతనికి జ్ఞప్తికి వచ్చెను. పోయి చూచి గుర్తుపట్టి, రక్షకభటులకు తెలియజేసెను. మూడవనాడు బాలుడు సురక్షితముగ తల్లిదండ్రులను చేరెను. అలెగ్జాండర్సన్ తన జీవితమున 300కు పైగా పేటెంట్లు పొందినవాడు. బహుమతులు, పతకములు ఎన్నో అందుకొన్నవాడు. వానిలో ఏదియు ఆ రేడియో ప్రకటనతో సరితూగదని వేరుగ చెప్పవలెనా?

ఆ సంవత్సరముననే అట్లాంటిక్ సముద్రమున కీవల, ఆయన జన్మభూమియందు, ఒక గొప్ప నిర్మాణము సాగుచుండెను. యుద్ధకాలమున స్వీడన్ తటస్థ రాజ్యమైనను, దాని వార్తలన్నియు పరదేశీయుల అధీనమందున్న సముద్రాంతర తంతులమీదుగనే పోవలసివచ్చెను. తంతులు తెంపబడినను, వాని యజమానులు కాదన్నను, దేశము మూగబోవును. ఈ అనుభవమును మరువక స్వీడన్ పార్లమెంటు 1920లో, అమెరికాతో సూటిగా సంభాషించుటకు స్వంత వైర్‌లెస్ కేంద్రమును నిర్మింప నిశ్చయించెను. అలెగ్జాండర్సన్ యంత్రమునే ఎన్నుకొనిరి. పశ్చిమతీరమున వార్బెర్గ్ పట్టణమునకు సమీపమునగల గ్రిమెటన్ గ్రామము స్థలముగ నిర్ణయింపబడినది. అచటినుండి న్యూయార్కు దిక్కుగ పోవు తరంగమునకు నార్వే కొండలు అడ్డురావు. త్రోవ చాలవరకు నీటిమీదుగనే సాగును.

గ్రిమెటన్ కేంద్రమును 1922 మొదలు 1924 వరకు నిర్మించిరి. పొలముల నడుమ ఆరు ఉక్కు గోపురములు వరుసగ లేచినవి. ఒక్కొక్కటి 127 మీటర్ల యెత్తు. మన చార్మినారుకన్న రెండింతలకు మించిన యెత్తు. శిఖరమున 46 మీటర్ల పొడవుగల అడ్డదూలము చేతులు చాచినట్లుండును. గోపురమునకు గోపురమునకు నడుమ 380 మీటర్లు. వానిమీదుగ సాగిన ఏరియల్ తీగల పొడవు 2.2 కిలోమీటర్లు. ఇంత పొడవైన ఏరియల్ ఎందులకని అడుగవచ్చును. గ్రిమెటన్ యంత్రము సెకనునకు 17,200 ఆవృత్తముల తరంగమును వెలువరించును. వెలుగు వేగమును ఆ సంఖ్యచే భాగించినచో తరంగదైర్ఘ్యము 17 కిలోమీటర్లకు పైగా తేలును. ఒక్క కెరటము పొడవే అంత! దానితో పోల్చినచో 2.2 కిలోమీటర్ల ఏరియల్ ఎనిమిదవ వంతు మాత్రమే. అట్టి కురుచ ఏరియల్‌నుండి శక్తి తరంగరూపమున వెడలుట కష్టము. అధికభాగము వేడియై నేలలో వ్యర్థమగును. అందుచే అలెగ్జాండర్సన్ ఒక యుపాయము పన్నెను. ఏరియల్‌ను ఒక్కచోట గాక, ప్రతి గోపురమువద్దను పెద్ద తీగచుట్టద్వారా నేలకు కలిపెను. ఆరు చిన్న ఏరియళ్లు ఒక్క శ్రుతిలో కలిసి పనిచేసినట్లయి, నష్టము ఎంతయో తగ్గినది. చక్రముకన్న ఈ యుపాయమే ఆయన ప్రతిభకు మేలైన నిదర్శనమని తోచును.

యంత్రశాల మధ్యభాగమున ఆల్టర్నేటరు అమరియున్నది. దాని ఉక్కుచక్రపు వ్యాసము 1.6 మీటర్లు. అంచున 488 గండ్లు కోసి, గాలి ఒరపిడి తగ్గుటకై వానిని అయస్కాంతమున కంటని లోహముతో పూడ్చిరి. చక్రము నిమిషమునకు 2,115 పర్యాయములు తిరుగును. ఈ రెండు సంఖ్యలను హెచ్చవేసి 60చే భాగించి చూచినచో పైన చెప్పిన 17,200 లభించును. విద్యార్థులు స్వయముగ లెక్కించి చూడవచ్చును. ఆ వేగమున అంచుమీది బిందువు గంటకు 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయును. అట్లు తిరుగు టన్నుల బరువుగల చక్రమునకును, ఇరుప్రక్కల కదలక నిలిచిన భాగములకును నడుమ ఎడము సుమారు ఒక్క మిల్లీమీటరు! ఇరుసులు వేడెక్కకుండ పంపులు ఎల్లప్పుడు నూనె అందించుచుండవలెను. చల్లని నీరు గొట్టములలో పారుచుండవలెను. చక్రవేగము ఏమాత్రము మారినను తరంగదైర్ఘ్యము మారిపోయి, అమెరికాలో వినువానికి సంకేతము తప్పిపోవును. సంకేతపు మీట నొక్కినంతనే యంత్రముపై భారము పడి వేగము తగ్గజూచును. మీట విడిచినంతనే పెరుగజూచును. ఆ రెంటిని అదుపులో నుంచు సాధనమునుగూడ అలెగ్జాండర్సనే కల్పించెను.

1924 డిసెంబరు 1వ తేదీన వార్తలు పంపుట ఆరంభమైనది. మరుసటి సంవత్సరము జూలై 2వ తేదీన స్వీడన్ రాజు ఐదవ గుస్తావ్ కేంద్రమును ఆనవాయితీగ ప్రారంభించి, అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌కు సందేశము పంపెను. ఉద్యోగమునకై దేశము విడిచిపోయిన అలెగ్జాండర్సన్ ఆనాడు రాజు ప్రక్కన అతిథియై నిలిచెను. గోతెన్‌బర్గ్ నగరపు తంతి కార్యాలయమున మీట నొక్కగా గ్రిమెటన్ తరంగమై పలికెడిది. అమెరికానుండి వచ్చు మారువార్తను కుంగ్స్‌బాకా పట్టణమువద్దనున్న గ్రహణకేంద్రము అందుకొనెడిది. వలసపోయిన కుమారుల పెండ్లివార్తలు, తల్లిదండ్రుల మరణవార్తలు, వర్తకుల బేరములు అన్నియు ఆ 17 కిలోమీటర్ల కెరటముపైననే సముద్రము దాటినవి.

అయితే కాలము ఎవరికొఱకును ఆగదు. గ్రిమెటన్ ప్రారంభోత్సవము జరుగుచున్న ఆ దినములలోనే, వాక్యూమ్ గొట్టములతో పనిచేయు చిన్న యంత్రములు, హ్రస్వతరంగములు రంగమునకు వచ్చుచుండెను. కొలది శక్తితోనే అవి భూగోళమును చుట్టివచ్చుటనుచూచి నిపుణులు ఆశ్చర్యపడిరి. కాబట్టి ప్రపంచమున నెలకొల్పబడిన సుమారు 20 అలెగ్జాండర్సన్ యంత్రములకు వార్ధక్యము తొందరగ వచ్చినది. మరియొకడైనచో తన కృతి మూలబడుచుండుట చూచి కుములుచుండెడివాడు. అలెగ్జాండర్సన్ అప్పటికే క్రొత్త పనిలో మునిగియుండెను. 1928 జనవరిలో షెనెక్టడీయందు ఆయన టెలివిజన్ చిత్రములను కొన్ని యిండ్లకు ప్రసారము చేసి చూపెను. ఆ సెప్టెంబరులోనే అచటినుండి ఒక చిన్న నాటకము టెలివిజన్‌లో ప్రసారమయ్యెను. రంధ్రములుగల చక్రము తిరుగుటచే బొమ్మ కనబడు ఆనాటి పద్ధతి ఎక్కువ కాలము నిలువలేదు. ఎలక్ట్రాన్ గొట్టములు దానిని త్రోసివేసెను. రెండవ మహాయుద్ధమున, విమానములను కూల్చు ఫిరంగులను కచ్చితముగ త్రిప్పుటకు ఆయన కల్పించిన ఆంప్లిడైన్ అను యంత్రము అమితముగ నుపయోగపడినది. 1948లో కంపెనీ కొలువునుండి విరమించిన పిదపను ఆయన పరిశోధన మానలేదు. 1975 మే 14వ తేదీన, 97 ఏండ్ల పండు వయస్సున, షెనెక్టడీలో కన్నుమూసెను.

ఆయన యంత్రములలో అనేకము అంతకుముందే నశించినవి. అమెరికాలోనివి తుక్కుగా అమ్ముడుపోయినవి. పోలెండులో వార్సా సమీపమున నుండిన గొప్ప కేంద్రమును 1945లో జర్మను సైనికులు వెనుకకు పోవుచు పేల్చివేసిరి. గ్రిమెటన్ మాత్రమెట్లు మిగిలెను? రెండవ మహాయుద్ధమున సముద్రాంతర తంతులు తెగిపోగా స్వీడన్‌కు మరల దిక్కైనది ఈ ముసలి యంత్రమే. యుద్ధానంతరము దీర్ఘతరంగముల మరియొక గుణము అక్కఱకు వచ్చినది. హ్రస్వతరంగములు ఉప్పునీటిలోనికి చొరలేవు. దీర్ఘతరంగములు కొంతలోతు వరకు చొచ్చిపోవును. కావున నీటిలో మునిగియున్న జలాంతర్గాములకు ఆజ్ఞలు పంపుటకు నౌకాదళము గ్రిమెటన్ ఏరియల్‌ను వాడుకొనెను. క్రొత్త పరికరములకు చోటుకొఱకు 1960 ప్రాంతమున రెండు ఆల్టర్నేటర్లలో ఒకదానిని తీసివేసిరి. రెండవది మిగిలినది. నౌకాదళమునకును దాని యవసరము తీరిన 1990 దశకమున, ఇక ఇదియు తుక్కుపాలగునేమోయని పాత ఉద్యోగులు, వైర్‌లెస్ ప్రియులు భయపడిరి. వారు మిత్రసంఘముగ నేర్పడి, దానిని తుడిచి, నూనె వేసి, త్రిప్పుచు కాపాడిరి. 2004 జూలైలో యునెస్కో సంస్థ గ్రిమెటన్‌ను ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేర్చెను. ఈ జాతి యంత్రములలో ఇంకను పనిచేయు స్థితిలో నున్నది లోకమున ఇదియొక్కటే.

నేడు గ్రిమెటన్‌ను చూడబోవువారికి చాల దూరమునుండియే ఆరు గోపురములు కనబడును. పచ్చిక మేయు పశువులకును, పైన చాచిన ఉక్కుచేతులకును ఏమి సంబంధమో అని క్రొత్తవారు వింతపడుదురు. శిల్పి కార్ల్ ఓకర్‌బ్లాడ్ నిర్మించిన ప్రసారభవనము, పొడవైన కమాను కిటికీలతో, కర్మాగారమువలె గాక ఏదో విద్యాపీఠమువలె గంభీరముగ నుండును. దాని సమీపమున యంత్రపు నీటిని చల్లార్చు కొలను, నాటి యుద్యోగులకొఱకు కట్టిన ఇండ్లు ఇప్పటికిని నిలిచియున్నవి. లోపల మార్గదర్శకులు దర్శకులను యంత్రము చుట్టు త్రిప్పుచు, మోటారు ఎచట, చక్రమెచట, వేగమును కాపాడు సాధనమెచట అని విడమరచి చెప్పుదురు. తరువాతి కాలపు హ్రస్వతరంగ యంత్రములును అదే భవనమునందున్నవి. ప్రక్కప్రక్కన నిలబెట్టి చూచినచో, టన్నుల బరువుగల చక్రము చేసిన పనిని తరువాతివి ఎంత చిన్న బీరువాలో ఇమిడ్చినవో కంటికి కట్టును. వైర్‌లెస్ చరిత్రను తెలుపు ప్రదర్శనశాలయు ఆవరణమునందే కలదు. మోర్స్ మీటను చూచిన బాలురు దానిని ఒక్కమారైన నొక్కక కదలుదురా!

ఏడాదిలో ఒకనాడు మాత్రము గ్రిమెటన్‌కు జనులు విశేషముగ వత్తురు. జూలై 2వ తేదీకి సమీపమున వచ్చు ఆదివారము అలెగ్జాండర్సన్ దినము. ఆనాడును, క్రిస్మస్ ముందునాటి యుదయమునను ఆ యంత్రమును త్రిప్పుదురు. మొదట నూనెపంపులు మొదలిడును, నీరు పారును, పిదప మోటారు నెమ్మదిగ కదలును. వృద్ధులైన పనివారు పలకలమీది మీటర్ల ముల్లులనే చూచుచుందురు; ఎవరును మాటలాడరు. చక్రము వేగము పుంజుకొనుకొలది సన్నని రొద పుట్టి, క్రమముగ హెచ్చి, శాలయంతయు నిండును. తగిన వేగము కుదిరినదని తెలిసిన తరువాత ఒకడు మీటవద్ద కూర్చుండి, ఎస్, ఏ, క్యూ అను కేంద్రపు పేరక్షరములను మోర్స్ సంకేతములలో పంపనారంభించును. సెకనునకు 17,200 ఆవృత్తములనగా మానవ శ్రవణశక్తికి లోబడిన సంఖ్యయే. అందుచే ఖరీదైన రేడియో లేకున్నను, తీగచుట్ట నొకదానిని కంప్యూటరు యొక్క ధ్వనిద్వారమునకు తగిలించి ఆ సంకేతమును పట్టుకొనువారు పలుదేశములయందున్నారు. వారు తాము విన్న సంకేతపు బలాబలములను వ్రాసి గ్రిమెటన్‌కు పంపుదురు. సందేశము ముగిసిన పిదప విద్యుత్తును ఆపివేసినను చక్రము వెంటనే నిలువదు. దాని బరువు అట్టిది. రొద చాలసేపు సన్నగిల్లుచు సన్నగిల్లుచు పోయి, చివరకు నూనెపంపుల చప్పుడు మాత్రమే వినబడును.